ఖాళీ లారీ బరువెక్కిన కేసు

...అంటే నేరస్థుడు ఎక్కడో బయట లేడు, ఈ ఆఫీసులోనే ఉన్నాడు, తన మనసులో తనకే తెలియని చీకటి కొట్లో కూర్చుని నవ్వుకుంటున్నాడు, అలాంటి నవ్వును వినగల చెవి మారతహళ్ళి మొత్తానికి ఒక్కటే ఉంది, అది తన తలకే అతికి ఉంది అనుకున్నాడు వీరభద్రం. ఏ చెవి అన్నది తేలలేదు. కుడిదే అయి ఉండాలి. ఎడమ చెవికి చిన్నప్పటి నుంచీ చీము.

వీరభద్రం ఉద్యోగం డిటెక్టివ్ కాదు. లారీలను తూచే వేబ్రిడ్జిలకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో టెస్టరు. ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం అతని పని. తప్పును పట్టడానికీ తప్పు చేసినవాణ్ణి పట్టడానికీ ఒక్క మెట్టే తేడా అని, ఆ మెట్టు తను ఎప్పుడో ఎక్కేశానని అతని నమ్మకం. ఫుట్‌పాత్ మీద కొన్న మనస్తత్వశాస్త్రం పుస్తకం, మొదటి పేజీలు ఊడిపోయినది, సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. మనసు ఎలా పనిచేస్తుందో అతనికి బాగా తెలుసు. ఎలా మొదలవుతుందో మాత్రం తెలియదు.

నేటి కేసులో బాధితురాలు నేత్రావతి. ఆమె రాసిన ప్రోగ్రాములో ఒక పొరపాటు దొర్లి, సరుకు దించేసిన లారీ సరుకున్న లారీ కంటే ఎక్కువ తూగింది. పొద్దున ఆఫీసుకొచ్చి కట్టిన ప్యాకేజీలో అది బయటపడగానే దిద్దింది. ఆమె కంప్యూటర్లో ఖాళీ లారీ బుద్ధిగా ఖాళీగానే తూగడం వీరభద్రం కళ్ళారా చూశాడు. కానీ ఆఫీసులోని పెద్ద యంత్రంలోకి ఎక్కించగానే పాత రోగమే. ఆ యంత్రం మీదే మళ్ళీ ప్యాకేజీ కట్టింది, మళ్ళీ ఎక్కించారు, ఖాళీ లారీ మళ్ళీ బరువెక్కింది.

ఎక్కించడం పెద్ద పనేం కాదు. నల్లని తెర మీద ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. అప్పుడే తయారైన ప్యాకేజీలు ఉన్నచోట వెతికి, ఏది అన్నిటికంటే కొత్తదో చూసి, దాన్నే యంత్రంలో కూర్చోబెట్టే పనిముట్టు ఒకటుంది. యజమాని మునినారాయణప్ప దానికి గృహప్రవేశం అని పేరు పెట్టాడు. కోలారులో త్రాసులు అమ్మి పైకొచ్చిన మనిషి. ఏ కొత్త వస్తువైనా ఇల్లు చేరడానికి ఒక వేళ ఉండాలంటాడు. కట్టినవాళ్ళే ఎక్కించకూడదని అతని ఇంకో నియమం, అందుకని పాస్‌వర్డు తన దగ్గరా వీరభద్రం దగ్గరా తప్ప మరెవరి దగ్గరా లేదు.

మధ్యాహ్నం రాహుకాలం దాటగానే అత్తిబెలె నుంచి ఫ్యాక్టరీవాళ్ళు ప్రోగ్రాము పనితీరు చూడ్డానికి వస్తున్నారు.

"ఈ పొద్దు లారీ సరిగ్గా తూగకుంటే నీ ప్రొబేషను ఈడికే సరమ్మా" అన్నాడు మునినారాయణప్ప నేత్రావతితో. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు భయం వేసింది. పావగడలో వాళ్ళ నాన్న, కూతురు పర్మనెంటు అయినట్టేనని వీధి వీధంతా చెప్పేసి ఉన్నాడు.

వీరభద్రం రంగంలోకి దిగాడు. ముందు యంత్రం కీబోర్డు మీద పౌడరు చల్లాడు. ఒకచోట కుంకుమ మరక వేలిముద్రలకు అడ్డం వస్తుంటే దాన్ని రుమాలుతో శుభ్రంగా తుడిచేశాడు. మిగిలిన ముద్రలన్నీ తనవే. హంతకుడు చేతొడుగులు వాడాడన్నమాట, ఆరితేరినవాడు. అక్కడ హత్య జరగలేదని నేత్రావతి గుర్తు చేసింది. ఇంకా జరగలేదు అని సరిదిద్దాడు.

తర్వాత అందరినీ ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారని ప్రశ్నించాలనుకున్నాడు. అందుకు ముందు కాలం రూఢి కావాలి. మనుషులు అబద్ధమాడతారు, యంత్రం ఆడదు. చూస్తే పెద్ద యంత్రంలో ఇంకా ఆఫీసు తెరిచే వేళే అయింది. తన గడియారం పాతది, పరిగెత్తిందని తేల్చి, దాన్ని యంత్రానికి సరిగ్గా వెనక్కి తిప్పుకున్నాడు. వచ్చి చాలాసేపయినట్టు అనిపించిన మాట నిజమే. ఆందోళనలో క్షణాలు సాగుతాయని పుస్తకంలో ఉండనే ఉంది.

కాసేపటికి ఆఫీసంతా టిఫిన్ క్యారియర్లు పట్టుకుని ఒక్కసారిగా లేచి వెళ్ళింది. ఇంత పొద్దున్నే, ఇందరు, ఇంత నిశ్శబ్దంగా. ఒకడి కుట్ర కాదిది అనుకున్నాడు వీరభద్రం. కడుపులో ఏదో తొలిచింది. అది ఆకలి కాదని, అణచివేసిన భయం కడుపు వేషం వేసుకుని వచ్చిందని తనకు తాను వివరించుకున్నాడు. వివరణ చక్కగా ఉంది. కడుపు ఒప్పుకోలేదు.

చివరికి, అందరికంటే ముందు వెళ్ళి భాగీరథమ్మ మెస్సులో మొదటి ఆకు పట్టేద్దామని కిందికి దిగాడు. తొందరగా వచ్చాననీ, ఏమీ అనుకోవద్దనీ ఆమెను ముందే బతిమాలాడు.

భాగీరథమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "తొందరేందప్పా? గుండిగలు కడిగి బోర్లించినాము. చారు కూడా ఉండాదా, లేదా అని అడగొద్దు, లేదు."

వీరభద్రం గడియారం చూపించాడు. ఆమె గోడ గడియారం చూపించింది. మెస్సు గోడకు శాస్త్రీయ ప్రామాణికత లేదని చెప్పబోయాడు గానీ, గుండిగలు నిజంగానే బోర్లించి ఉన్నాయి.

ఖాళీ కడుపుతో మేడెక్కి, ఈ ఊళ్ళో నీతి చచ్చిందనీ, మెస్సువాళ్ళు కూడా కుట్రలో ఉన్నారనీ, పెద్ద యంత్రాన్ని చూసి దిద్దుకున్న గడియారాన్నే తప్పన్నారనీ నేత్రావతికి మొరపెట్టుకున్నాడు. ఆమె వినీ విననట్టు తలూపుతూ, ఉన్నట్టుండి తల ఊపడం ఆపింది. యంత్రం గడియారం చూసింది. గోడ గడియారం చూసింది.

"అన్నా, దీని గడియారం వెనక్కుండాది. నేనిప్పుడు కట్టిందానికి పొద్దుటి టైం పడతా ఉంది. పొద్దున గడియారం సరిగ్గా ఉన్నప్పుడు తప్పుగా కట్టింది దానికంటే కొత్తగా కనిపిస్తా ఉంది. గృహప్రవేశం కొత్తది అనుకుని ప్రతిసారీ ఆ తప్పుదాన్నే లోపల పెడతా ఉండాది."

"అదే నేనూ చెప్తున్నది" అన్నాడు వీరభద్రం.

మునినారాయణప్పను అడిగితే దాచలేదు. గడియారాన్ని తనే వెనక్కి తిప్పి, కీబోర్డుకు బొట్టు కూడా పెట్టానన్నాడు. "రాహుకాలంలో పని పడేట్టుందని యంత్రాన్ని ముందే మంచి వేళలో కూర్చోబెడితిని. ప్రయాణానికి ముందే మంచి వేళలో మూట పక్కింట్లో ఉంచి పరస్థానం పెట్టమా? ఇదీ అట్లే." తప్పు తెలిశాక నొచ్చుకున్నాడు గానీ, రాహుకాలం పోయేదాకా యంత్రాన్ని ముట్టొద్దన్నాడు. అంతలో కింద కారు ఆగింది. దారిలో ట్రాఫిక్ లేదట, అత్తిబెలెవాళ్ళు ముందే వచ్చేశారు. ఆయన ఎదురెళ్ళడానికి దిగాడు.

నేత్రావతి వీరభద్రం వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న లేదు, పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు. వీరభద్రం యంత్రం గడియారాన్ని సరిచేశాడు. ఉన్న వేళను ఉన్నట్టు చెప్పడం కొత్త పని మొదలుపెట్టడం కిందకి రాదు, కాబట్టి అంతవరకూ చకచకా కానిచ్చాడు. ఆమె ప్యాకేజీ మళ్ళీ కట్టింది. అతను ఆ ఒక్క మాటా కొట్టాడు. వేలు ఎంటర్ మీదికి వెళ్ళి, దాన్ని తాకకుండా ఆగింది.

రాహుకాలంలో అతను ఇంతవరకూ ఏదీ మొదలుపెట్టలేదు. ఈ ఉద్యోగానికి వచ్చిన రోజు, ఇంటర్వ్యూకి ఆలస్యమవుతున్నా, ఎండలో బస్టాపులో నిలబడి వేళ దాటించాడు. బస్సు దొరకలేదని చెప్పాడు. ఇంతమంది భయాలకు పేర్లు పెట్టాడు, దీనికి మాత్రం పెట్టలేదు. పేరు పెడితే తనదని ఒప్పుకోవాలి. కొట్లో కూర్చుని నవ్వుతున్నదెవరో ఇప్పుడు బాగా వినిపించింది. రెండు చెవులకీ.

మెట్ల మీద అడుగుల చప్పుడు. మునినారాయణప్ప వచ్చినవాళ్ళను కాఫీ పేరుతో ఆపాలని చూస్తున్నాడు. వాళ్ళు ముందు లారీ చూస్తామంటున్నారు. నేత్రావతి చున్నీ కొస వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

గోడ గడియారంలో రాహుకాలం ఇంకా మిగిలే ఉంది. వీరభద్రం దాని వైపే చూస్తూ ఎంటర్ నొక్కాడు.