మొదటివాళ్లలో నాలుగో ఆవిడ

ఈజిప్టులోని మా దమియెట్టా ఊళ్లో కడుపును పరిపాలించే ప్రభుత్వాలు రెండు. ఒకటి మతపెద్దలది, రెండోది మత్తు డాక్టర్లది. రెండింటికీ శాసనాలున్నాయి, శిక్షలున్నాయి. వాటి మధ్య సరిహద్దు చర్చలు మాత్రం ఇంతవరకు జరగలేదు. ఈ సంగతి మా అమ్మాయి షాహినాజ్ కాన్పు దాకా నాకు తెలియదు.

షాహినాజ్‌కు చిన్నప్పటి నుంచీ షుగరు. నెలలు నిండే వేళకు రంజాన్ వచ్చింది. అల్లుడు సరుకు ఓడలో ఇంజనీరు కనుక (శుభవార్తలన్నీ అతనికి ఏదో ఒక రేవులో అందుతాయి) అమ్మాయి నా దగ్గరే ఉంది. ఉపవాసం ఉండరాదని ఇమాం చెప్పారు, డాక్టరు చెప్పారు, వీధి చివర వంకాయలమ్మే ఆయన కూడా చెప్పాడు. మా అక్కయ్య ఇన్సాఫ్ తాను ఉపవాసం ఉంటూనే, మిట్టమధ్యాహ్నం వంటింటి తెర లాగి, ఎదురుగా కూర్చుని తినిపించేది.

“తినవే. నువ్వు తినకపోతే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది.”

“కడుపు నిండింది అత్తా.”

“నీది నిండితే సరా? లోపలున్నవాళ్లనడిగావా?”

తరువాత ఆసుపత్రివారు ఆపరేషనుకు రోజు కుదిర్చారు. అది పండగ రోజవుతుందని నెలవంక కనబడేదాకా వారికీ తెలియదు, మాకూ తెలియదు. పండగనాడు ఉపవాసం ఉండటం నిషిద్ధం. ఆ ముందు అర్ధరాత్రి నుంచి అన్నం ముట్టరాదని మత్తు డాక్టరు వహీబ్ గారి ఆజ్ఞ. ఊరంతా పస్తున్న నెలలో తినవలసిన మనిషి, ఊరంతా తినవలసిన రోజున పస్తుండాల్సి వచ్చింది. (ఇందులో కుట్రేమీ లేదు. కుట్ర పన్నాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి కదా.)

“పండగపూట పస్తా? ఎవరా డాక్టరు?” అంది అక్కయ్య.

“వహీబ్ గారు. కోప్టు క్రైస్తవులు. వాళ్లకీ ఇప్పుడు పెద్ద ఉపవాసం నడుస్తోంది.”

“అదీ సంగతి. తోడు కావలసొచ్చింది ఆయనకి.”

నిజానికి వహీబ్ గారు మంచివారు. షుగరున్నవాళ్లను ఎక్కువసేపు పస్తుంచకూడదు, పొద్దున్నే అందరికన్నా ముందు నీదే ఆపరేషను అన్నారు. రాత్రి ఇన్సులిన్ తగ్గించమన్నారు. షుగరు పడిపోతే తేటగా ఉన్న పళ్లరసం తాగవచ్చన్నారు. సంచి నేనే సర్దాను. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ అలాంటి పనులు ఆమెకే వదిలేసిన మనిషిని కనుక, పుట్టబోయేవారికి టోపీలు ఏడు పెట్టి, తల్లికి చెప్పులు మరిచిపోయాను. షాహినాజ్ నా చెప్పులేసుకుంది.

ఆసుపత్రిలో వరసలు నిర్ణయించేది ప్రథమత్వ విభాగం. దాని అధిపతి షౌకీ గారు. ఆయన కొడుక్కి నేను ఒకప్పుడు భూగోళం చెప్పాను. ఆ మర్యాద వల్ల ఆయన నాతో అబద్ధమాడరు.

“మీ అమ్మాయి మొదటే, మాస్టారూ. అందులో సందేహం లేదు,” అన్నారు. “మొదటివాళ్లలో నాలుగో ఆవిడ.”

“నలుగురు మొదటివాళ్లా?”

“ఒకావిడకి బీపీ ఉందని మొదట. ఒకావిడ సూపరింటెండెంటు గారి మరదలు, కాబట్టి మొదట. ఒకావిడ తెల్లవారకుండానే వచ్చి కూర్చుంది, అదీ మొదటే. మీ అమ్మాయి షుగరు వల్ల మొదట. ఎవరినీ రెండో నంబరు చేసి అవమానించే అలవాటు ఇక్కడ లేదండి.”

ఇలా అంటూ పండగ కహ్క్ పళ్లెం నా ముందుకు జరిపారు. బిస్కట్ల మీద చక్కెర పొడి మంచులా పరుచుకుని ఉంది.

బీపీ ఆవిడ లోపలికి వెళ్లింది. సూపరింటెండెంటు మరదలు కూడా వెళ్లింది. నర్సు సామియా వచ్చి షాహినాజ్ వేలు గుచ్చి, అంకె చూసి మొహం చిట్లించింది.

“దిగిపోతోంది. రసం పట్టించాలి.”

మేం తెచ్చిన ఆపిల్ రసం పొద్దున్నే అయిపోయింది. పండగ కాబట్టి క్యాంటీనులో ఉన్నది మామిడి రసం ఒక్కటే. దాన్ని తేట అనవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. గ్లాసులోంచి చూస్తే గోడ మీద నోటీసు చదవగలగాలన్నది నిబంధన. షౌకీ గారు స్వయంగా గ్లాసు కంటికి ఆనించుకున్నారు.

“పసుపు తప్ప ఏం కనబడటం లేదండి,” అన్నారు విచారంగా.

గ్లూకోజు సెలైన్లు పండగ భద్రత కింద ఆపరేషన్ థియేటరులో పెట్టి తాళం వేశారు; వరస వచ్చి లోపలికెళ్లినవారికే అవి.

“నాన్నా, ఆయన పళ్లెంలో కహ్క్ ఎనిమిది కనబడుతున్నాయి,” అంది షాహినాజ్ నెమ్మదిగా. “నాలుగే ఉండుంటాయి. ఒకటి తినేస్తే ఎవరికీ లెక్క తెలీదు కదా.”

ఆమె చెయ్యి చెమటతో తడిసిపోయి, చల్లగా ఉంది. లోపలున్న బిడ్డను తలుచుకుని నేను లేచి నిలబడ్డాను. నిలబడి ఏం చెయ్యాలో తెలియలేదు.

తెల్లవారకుండానే వచ్చినావిడ ఇది చూస్తోంది. పేరు బసీమా, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన జాలరి భార్య. ఆమెకిది రెండో సిజేరియన్.

“నువ్వెళ్లవే తల్లీ,” అంది. “మొదట ఉండటం నాకేమన్నా అలవాటా? మా అమ్మకి ఏడోదాన్ని.”

షౌకీ గారు అభ్యంతరం చెప్పారు. “మొదటిదానికి ముందు చోటుండదమ్మా. ఆవిడ ముందు వెళ్లాలంటే నువ్వు రెండోదానివి కావాలి.”

“అవుతాను.”

“బాగా ఆలోచించుకో.”

“ఆలోచించేలోపు ఆ పిల్ల పడిపోయేలా ఉంది. చేసెయ్యండి బాబూ, రెండో, ఇరవయ్యో.”

అలా ఆ ఆసుపత్రి చరిత్రలో రెండో నంబరు పుట్టింది. సామియా అమ్మాయిని లోపలికి తీసుకుపోయి ముందు సెలైను పెట్టింది. ఇంకాసేపటికి ఆడపిల్ల పుట్టింది. పాప మడమ గుచ్చి చూసి షుగరు బాగానే ఉందన్నారు, వెంటనే తల్లి పాలు పట్టించారు. వహీబ్ గారు బయటకు వచ్చి నా భుజం తట్టారు. నా కళ్లలో నీళ్లను ఆయన చూడనట్టే ఉన్నారు, అదీ ఒక దయ.

మధ్యాహ్నం పాపను చూసి వస్తుంటే బసీమా బెంచీ మీదే ఉంది, పస్తుతోనే.

“పాపా, బాబా?” అని నన్నే అడిగింది.

చెప్పి, నేరుగా షౌకీ గారి దగ్గరికి వెళ్లాను.

“ఏం చెయ్యమంటారు మాస్టారూ? మొదటివాళ్లు అయ్యాకే కదా రెండో ఆవిడ? ఈలోగా మరో ముగ్గురు మొదటివాళ్లొచ్చారు.”

“ఆమె సంగతేమిటి మరి?”

షౌకీ గారు కహ్క్ పొడి మీసం మీద నుంచి దులుపుకుని, నాకు ధైర్యం చెప్పారు.

“మంచి మనిషండీ. ఆగుతుంది.”