బియ్యం డబ్బాలో ఫోను

దర్జీకి పొద్దున్నే ఒక అలవాటు. మిషను ముందు కూర్చోకముందే ఫోను తీసి క్రిప్టో నాణేలు కాసిని కొంటాడు. ఒక్క దెబ్బకి ఖాతాలో నూరో వంతుకి మించి పోకూడదని నియమం. అందుకే కొన్న ధరకి కాస్త కింద ఒక ఎర్ర గీత పెడతాడు. ధర పడి ఆ గీతను తాకితే నాణేలు వాటంతట అవే అమ్ముడైపోతాయి. "దారం తెగితే తెగనీ, గుడ్డ చిరక్కూడదు" అంటాడు.

ఆ పద్ధతిలోనే, కత్తెర ఖరీదుతో మొదలైన ఖాతా చీమల పుట్టలా పెరిగి కాజాలు కుట్టే మిషను ఖరీదుకి దగ్గరపడింది. భార్య మాత్రం ఒకటే మాట చెప్పింది. "ఒక్కసారి గీత మర్చిపోయారని తెలిసిందా, ఆ ఖాతా మూయించేస్తాను. మిషనూ లేదు, గిషనూ లేదు."

గీత పెట్టాక ఫోను అత్తగారికి ఇస్తాడు. ఆవిడ దాన్ని కొట్టు వెనక గదిలో బియ్యం డబ్బాలో దాచి, పక్కనే పీట వేసుకుంటుంది.

"నేను ఏడ్చినా మొత్తుకున్నా కొట్టు మూసేదాకా ఇవ్వకండి అత్తయ్యా. ధర పడుతుంటే మనిషి మనిషిలా ఉండడు."

"ప్రాణం పోతున్నా?"

"పోతున్నా."

ఒకరోజు సరిగ్గా కొనే వేళకి ఒక లావుపాటాయన వచ్చి, ప్యాంటు బిగుతుగా కుట్టావని తగవు పెట్టుకున్నాడు. దర్జీ ఆయన నడుం కొలుస్తూనే నాణేలు కొని, ఫోను అత్తగారికి ఇచ్చి పంపాడు.

మధ్యాహ్నం పక్క కొట్టు వాచీల మనిషి పరుగున వచ్చాడు. ఆయనదీ ఇదే ఆట, గీతలు మాత్రం పెట్టడు. "ధర బావిలో బిందెలా దిగిపోతోంది గురూ. నేను ఇంకా కొంటున్నా. ఇంతకంటే దిగదులే."

దర్జీ చేతిలో సూది ఆగింది. పొద్దున గీత పెట్టానా? ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ లావుపాటి నడుమే కళ్లముందు కనిపించింది.

లోపలికి వెళ్లాడు. "ఫోను ఒకసారి ఇవ్వండి అత్తయ్యా. ఒకాయన కొలతలు అందులో ఉన్నాయి."

"కొలతలు టేపులో ఉంటాయి నాయనా."

"మీ అమ్మాయితో మాట్లాడాలి."

"సాయంత్రం ఇంటికే వస్తుందిగా."

గీత మాట ఎత్తితే భార్య చెవిన పడుతుంది. దర్జీ గుండె పట్టుకుని కూలబడ్డాడు. "నొప్పి అత్తయ్యా. డాక్టరు నంబరు ఫోనులోనే ఉంది."

అత్తగారు లేచింది. డబ్బా మూత తియ్యలేదు, వీధిలోకి వెళ్లి కేకేసింది. వాచీల మనిషి అంబులెన్సు పిలిచాడు. దర్జీకి నొప్పి వచ్చిందన్న మాట వీధి చివరికి చేరేసరికి దర్జీ పోయాడని అయింది. బట్టలిచ్చినవాళ్లంతా తరలివచ్చారు. చేతులు కుట్టని చొక్కా పట్టుకుని ఒకాయన, "మనిషి మంచివాడే. సాయంత్రం దాకా ఉంటే బావుండేది" అని నిట్టూర్చాడు. భార్య చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

స్ట్రెచరు మీంచి దర్జీ చెయ్యి చాపాడు. "అత్తయ్యా, ఫోను."

"ప్రాణం పోతున్నా ఇవ్వొద్దన్నావు నాయనా."

వీధి వీధంతా నోరు తెరిచి ఆవిడనే చూసింది. కొండైనా కదులుతుందేమో గానీ ఆవిడ కదిలేలా లేదు.

గుండె గుండ్రాయిలా ఉందని ఆస్పత్రివాళ్లు పంపేశారు. తిరిగి కొట్టుకొచ్చేసరికి మూసే వేళైంది. అత్తగారు ఫోనుకంటిన బియ్యం దులిపి ఇచ్చింది. దర్జీ ఇక దాచలేకపోయాడు. "గీత పెట్టానో లేదో గుర్తులేకే ఈ నాటకం ఆడాను" అని భార్యతో చెప్పి, కళ్లు సగం మూసుకుని ఫోను తెరిచాడు.

ధర పాతాళంలో ఉంది. ఖాతాలో తగ్గింది నూరో వంతే. గీత ఉంది.

"పొద్దున గీత లేకుండానే ఇచ్చావు," అంది అత్తగారు. "రోజూ కనబడే ఎర్రది ఏది నాయనా అంటే, ఆ లావుపాటాయన నడుం వదలకుండా ఒక్క వేలితో పెట్టావు. అప్పుడే తీసుకున్నా."

"మరి మధ్యాహ్నం ఆ ముక్క చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"కొలతలన్నావు, అమ్మాయన్నావు, డాక్టరన్నావు. గీత అడిగావా?"

భార్య బియ్యం డబ్బాకి మూత పెట్టింది. తర్వాత మొగుడితో, "ఖాతా ఉంచుకోండి. మా అమ్మ ఆ పీట మీద ఉన్నన్నాళ్లు" అంది.

మర్నాడు పొద్దున, ఉన్నదంతా పోగొట్టుకున్న వాచీల మనిషి తన ఫోను రెండు చేతులా పట్టుకుని బియ్యం డబ్బా ముందు నిలబడ్డాడు.

అత్తగారు అతన్ని ఎగాదిగా చూసి, "నీకు గుండెనొప్పి ఏ వేళకి వస్తుంది నాయనా?" అని అడిగింది.