దేవర పెట్టె మీద నెత్తుటి మరక

తమిళనాడులోని మా ధర్మపురికి విజ్ఞానశాస్త్రాన్ని స్వయంగా పిలుచుకొచ్చిన ఘనత చింతపండు మండీ యజమాని, మా తెలుగు సంఘం శాశ్వత అధ్యక్షుడు దేవరాజన్ గారిదే. ఆ సంగతి బస్టాండు ఎదుట ఫ్లెక్సులో ఇంకా ఉంది. తమిళంలో ఉంది. సంఘంలో తెలుగంటే ప్రాణమిచ్చేవారికి కొదవ లేదు గాని, చదవగలిగినవారే దొరకలేదు.

అదియమాన్‌కోట్టై దగ్గర ఆయన వంశం వారికొక దేవరిల్లు, అందులో ఒక రేకు పెట్టె ఉన్నాయి. పూర్వీకులు తుంగభద్ర దాటి వచ్చినప్పుడు ఆ పెట్టెను నెత్తిన పెట్టుకొచ్చారట. ఆ కాలంలో రేకు పెట్టెలుండేవా అని అడగడం మర్యాద కాదు. వంశరక్తం ఉన్న మగవాడు తప్ప ఇంకెవరు దాన్ని ముట్టినా నెత్తురు కక్కుకొని చస్తారని కట్టడి. అలాంటి పెట్టెలోంచి అమ్మవారి కాసులపేరు మాయమైంది. గది తాళం వేసినట్టే ఉంది. పెట్టె తాళం మాత్రం విరిగి, రేకు అంచున నెత్తుటి మరక కనిపించింది.

దొంగను తేల్చడానికి దేవరాజన్ గారికి టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. దేవరిల్లు ఊడ్చేది మండీలో మూటలు మోసే కాళియన్. బీదవాడు, పైగా వేలికి గాయం. మూటలు మోసేవాడి చేతికి గాయం ఉండటాన్ని మించిన అనుమానాస్పద విషయం లోకంలో ఏముంటుంది? ముట్టినవాడు నెత్తురు కక్కాలి కదా, వీడు శుభ్రంగా రాగిముద్ద తింటున్నాడే అని ఎవరో గొణిగారు. అమ్మవారు దయామయి అని దేవరాజన్ గారు సెలవిచ్చారు. కట్టడి మాత్రం తు.చ. తప్పకుండా పోలీసు ఫిర్యాదులో రాయించారు. వంశగౌరవం అలాంటిది.

స్టేషన్ ముందు నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చారు.

"ఇది సైన్సు కాలమప్పా! డీఎన్ఏ తీయల్ల! తప్పు చేయనోనికి బయమెందుకు? నెత్తురు ఈయను అన్నోడే దొంగ!"

చప్పట్లు మోగాయి. కాళియన్ నెత్తురు తీశారు. నీకు సమ్మతమేనా అని ఎవరూ అడగలేదు. అడుగుతారని అతనూ అనుకోలేదు. నెత్తిన మూట పెట్టేటప్పుడు మాత్రం ఎవరడిగారు గనక?

కాళియన్ జైల్లో ఉండగానే రిపోర్టు వచ్చింది. మరక అతనిది కాదు. సంఘం అధైర్యపడలేదు. తనది కాకపోతే ఇంకెవరి నెత్తురో తెచ్చి పూసి ఉంటాడని ఏకగ్రీవంగా తీర్మానించింది. కానీ ఇన్‌స్పెక్టర్‌కు, మన ఖర్మ కొద్దీ, ఫిర్యాదులు చదివే దురలవాటుంది. పరాయివాడు ముడితే నెత్తురు కక్కుతాడని మీరే రాసిచ్చారు, ఏ ఆసుపత్రిలోనూ అలాంటి కేసు లేదు, గది తాళంచెవి మీ వంశం దగ్గరే ఉంది, కాబట్టి దొంగ మీ రక్తమే అన్నాడు. వంశంలోని మగవాళ్లందరూ నమూనా ఇవ్వాలన్నాడు. అంతవరకు కాళియన్ లోపలే ఉంటాడట.

ఆ సాయంత్రమే సంఘ భవనంలో మానవహక్కులు పుట్టాయి.

"మనిషి నెత్తురు మనిషి సొంతం! బలవంతంగా తీసేదానికి మనమేమన్నా గొడ్లమా?" అని దేవరాజన్ గారు గర్జించారు. పెద్దలు కన్నీళ్లు తుడుచుకున్నారు. కొందరి భయం దొంగ గురించి కాదు. అన్ని నెత్తుళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ తండ్రికి ఏ కొడుకు తప్పిపోతాడో ఎవరికి తెలుసు?

గుమ్మంలో కాళియన్ తల్లి మారియాయి నిలబడి ఉంది. "నా బిడ్డ నెత్తురు తీసిన పొద్దు ఈ మాట యాడికి పోయింది సామీ? మీది నెత్తురు, వానిది చింతపండు రసమా?"

సభలో మహిళలకు మాట్లాడే అవకాశం తర్వాత ఇస్తామని కార్యదర్శి ప్రకటించాడు. దేవరాజన్ గారు మాత్రం తల తిప్పుకున్నారు. దొంగతనం జరిగినప్పటి నుంచీ ఆయన కొడుకు ఆనంద్‌బాబు బొటనవేలికి కట్టు ఉంది. మామిడిపండు కోస్తుంటే తెగిందన్నాడు. వాడికి పండు ఈనాటికీ వాళ్లమ్మే కోసిపెడుతుంది. పైగా ఆ వారమే కొత్త బైకు కొన్నాడు.

కోర్టు ఉత్తర్వుతో ఇన్‌స్పెక్టర్ ఇంటికే వచ్చాడు. దేవరాజన్ గారికి పుత్రప్రేమ పొంగింది.

"వంశరక్తానికే కదా సార్ టెస్టు? మా ఆనంద్‌బాబును వదిలేయండి. వాడు... మా నెత్తురు కాదు."

కాఫీ తెస్తున్న కనకవల్లి ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచి భర్తను మీరు తప్ప నువ్వు అనని ఇల్లాలు ఆమె.

"ఏమి చెప్పినావు? నీ నెత్తురు కాకపోతే ఇంకెవని నెత్తురు?"

"అట్ల కాదే... దత్తు అని..."

"దత్తా? పెద్దాసుపత్రిలో కన్నాను, ఊరంతా వచ్చి చూసిపోయినారు! సార్, తీయండి. ముందు వానిది, ఆ వెనక ఈ మనిషిది. ఈ పొద్దు తేలిపోవల్ల!"

"అమ్మా, వద్దు..." అన్నాడు ఆనంద్‌బాబు.

"నోరు మూసుకోరా! నీ తల్లి మానం పోతా ఉంది!"

రిపోర్టులో రెండు మాటలున్నాయి. ఆనంద్‌బాబు నిస్సందేహంగా దేవరాజన్ గారి కొడుకు. మరక నిస్సందేహంగా ఆనంద్‌బాబుది. సంఘం మొదటి మాటకు విందు చేసింది. వంశశుద్ధి సైన్సు ప్రకారం రుజువైందని ఫ్లెక్సు కట్టింది. కట్టడి కూడా నిజమేనని తేలింది: ముట్టినవాడు వంశరక్తం కనుకనే కదా నెత్తురు కక్కలేదు! బెయిలు మీద వచ్చిన ఆనంద్‌బాబుకు మెడలో మాల పడింది. కనకవల్లి మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. మానం దక్కింది, కొడుకు దొంగయ్యాడు.

కాళియన్‌ను వదిలారు. క్షమాపణ చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. కాసులపేరు తిరిగొచ్చింది, కేసు రాజీ అయింది. ఆనక పరువుగల కుటుంబాల నెత్తురు పోలీసుల దగ్గర ఉండరాదని సంఘం వకీలును పెట్టి, వంశం నమూనాలన్నీ చెరిపించేసింది. కాళియన్‌కు వకీలు లేడు. అతని నమూనా పోలీసుల దగ్గర అలాగే ఉండిపోయింది.

మొన్న మండీలో చింతపండు మూటలు పోయాయి. పోలీసులు తిన్నగా కాళియన్ గుడిసెకు వెళ్లారు. మారియాయి పరుగున వచ్చి దేవరాజన్ గారి కాళ్లమీద పడింది.

"వాడు ఏ తప్పూ చేయలేదని మీ టెస్టే చెప్పింది కదా సామీ!"

దేవరాజన్ గారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"ఏ తప్పూ చేయనోని నెత్తురు పోలీసుల దగ్గర ఎందుకుంటుందమ్మా?" అన్నారు.

చుట్టూ ఉన్నవారంతా తలలూపారు. మాట సబబుగానే ఉందని అందరికీ తోచింది.