జేబు మీద గుండెలు

శాంతకుమారి కుట్టిన చొక్కా జేబు మీద ఎన్ని ఎర్ర గుండెలుంటే తొడుక్కున్నవాళ్లకు అన్ని ప్రాణాలుంటాయని తేలిన ఏడాదే, మా ఊరి మునిసిపాలిటీ మ్యాన్‌హోళ్లలో దిగేవాళ్లకు మాస్కులు కొనడం మానేసింది. దండగ ఖర్చు కదా మరి!

అంతకుముందు ఆమె పిల్లల పుట్టినరోజులకు వీడియో గేమ్ బట్టలు కుట్టేది. కార్టూన్ బొమ్మలకుండే లావుపాటి నల్ల అంచు, గళ్లు గళ్లుగా నక్షత్రాలు, జేబు మీద మూడు గుండెలు. ఆ చొక్కా తొడుక్కున్న ఒక పిల్ల మేడ మీంచి పడింది. లేచి, పాడైపోయిన ట్యూబులైటులా కాసేపు మినుకుమినుకుమని, కేకు ఎప్పుడు కోస్తారని అడిగింది. జేబు మీద ఒక గుండె లేదు. వాళ్లమ్మ పిల్లను కరుచుకుని ఏడ్చి, మిగతా పిల్లలకూ కుట్టమని చెప్పింది.

మునిసిపాలిటీ ఆర్డరు వచ్చినప్పుడు శాంతకుమారి పొంగిపోయింది. ఆమె మొగుడు ఏలియా దిగేది మ్యాన్‌హోళ్లలోనే. అందరికీ ఒకే కొలత నల్ల అంచు వేసి, అతనికి మాత్రం ఇంకాస్త లావుగా వేసింది. ఏడాదికో చొక్కా, పాతది అప్పగిస్తేనే కొత్తది. ప్రాణం పోయిన రోజు సెలవు లేదు. "ఇంకా ఉన్నాయి కదయ్యా" అనేవాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు రామ్మోహనరావు, ఎంతో మర్యాదగా.

వానలు మొదలయ్యాక ఒకరోజు మధ్యాహ్నం ఏలియా మినుకుమంటూ ఇంటికొచ్చాడు.

"ఏందయ్యా, మళ్లీనా?"

"గ్యాసే. నొప్పేం లేదులే."

అతను మాయమైనప్పుడల్లా చేతిలో ముద్ద పళ్లెంలో పడుతోంది. శాంతకుమారి పళ్లెం లాక్కుని, అతను కనబడినప్పుడల్లా ఒక ముద్ద నోట్లో పెట్టింది.

"ఒక్కటే మిగిలింది. కొత్తది ఇచ్చేదాకా పనికి పోమాకయ్యా."

"నేను పోకపోతే ఇంకోణ్ణి దింపుతారే. వాడికీ పెళ్లాం ఉంటది."

ఆమె కొత్త గుండె కుట్టి చూసింది. ఒక ఒంటికి ఏడాదికి మూడే పడతాయి, నాలుగోది ఉత్త గుడ్డ. అప్పుడు తన కోసం కుట్టుకున్న రవిక చేతి మీది మూడు గుండెల్లో ఒకటి విప్పి అతని జేబు మీద పెట్టింది. అది అంటుకుంది, వెచ్చగా కూడా ఉంది.

"నీకెందుకే ఈ పని?" అన్నాడు ఏలియా.

"మిషన్ ముందు కూర్చునేదానికి అన్ని ప్రాణాలు దేనికి? నువ్వు లేకపోతే నాకు భయమయ్యా. కదలమాక, సూది గుచ్చుకుంటది."

ఆ వారమే అతను మళ్లీ మినుకుమంటూ వచ్చాడు. ఆమె రెండోదీ విప్పింది. సంగతి పాకి, మిగతావాళ్ల పెళ్లాలు, తల్లులు శాంతకుమారి చేత గుండెల రవికలు కుట్టించుకుని, ఆమె దగ్గరికే వచ్చి విప్పించుకున్నారు. ఆ ఏడాది మ్యాన్‌హోళ్లలో చావులు లేవని మునిసిపాలిటీ సభ పెట్టి, శాంతకుమారికి శాలువా కప్పి, వచ్చే ఏడాది ఆర్డరు చేతికిచ్చింది. మనిషికి గుండె ఒక్కటే.

"రెండు తగ్గాయేంటి సార్?"

"ఇళ్లల్లో ఆడవాళ్లు సర్దుతున్నారు కదమ్మా. దానికి మళ్లీ బడ్జెట్టు ఎందుకు?" అన్నాడు రామ్మోహనరావు.

శాంతకుమారికి మండుకొచ్చింది. ఆ ఆర్డరు చింపేస్తే రేపు ఏలియా ఏ గుండె లేకుండా దిగుతాడు. చింపలేదు. "రవికల గుడ్డ ఎవరిస్తారు సార్?" అని మాత్రం అడిగింది.

"ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలమ్మా."

తెచ్చుకున్నారు. ఆయన మాట ఎవరికీ వింతగా తోచలేదు. పక్కవీధి సువార్తమ్మ మాత్రం రవిక గుడ్డతోపాటు నాలుగేళ్ల కూతుర్ని కూడా తీసుకొచ్చింది.

"దీనిక్కూడా మూడు గుండెలతో కుట్టక్కా. పోయినేడే మా ఆయనకు నావి బొటాబొటిగా సరిపోయాయి."

శాంతకుమారి పిల్లను దగ్గరికి తీసుకుని, ముద్దుపెట్టి, టేపుతో కొలతలు తీసింది. ఎదిగే పిల్ల కదా అని కుట్టుల్లో గుడ్డ కాస్త ఎక్కువే వదిలింది.