ఉన్న గేటు ఉన్నట్టే

ఆ శనివారం పొద్దున మార్లా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అత్తగారు బెర్నిస్ వస్తుంది. ఏడాది నిండిన ఓటిస్ పాలు తాగి పడుకుంటాడు. అయిదేళ్ల జూనీ నానమ్మ పక్కన నిలబడి పాన్‌కేకులు పోస్తుంది. పిల్లవాడు లేచేలోగా మార్లా తన గుర్రం మీద కొండ ఎక్కి, దిగి, జీను విప్పి, చేతులు కడుక్కుని వంటింట్లో ఉంటుంది.

గుర్రం పేరు బిస్కట్. పెళ్లికి ముందు నుంచీ మార్లా దగ్గర ఉన్న ఆడగుర్రం. జూనీ పుట్టకముందు ప్రతి శనివారం దాని మీద కొండ నెత్తిన ఉన్న ఉప్పురాయి దాకా వెళ్లి, దానికో ఆపిల్ పెట్టి, తానో రొట్టెముక్క తిని వచ్చేది. అక్కడ ఎవరో పశువులు నాకడానికి పెట్టిన ఉప్పుదిమ్మ ఉంటుంది. జూనీ పుట్టాక ఆ స్వారీ నెలకోసారి అయింది. ఓటిస్ కడుపున పడ్డాక అదీ పోయింది. రెండు వేసవుల నుంచి బిస్కట్‌కు మేయడం తప్ప వేరే పని లేదు. మోంటానాలో మంచు పడితే మేతంటే దాచుకున్న గడ్డే.

భర్త డేల్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఆ గడ్డి కోసేది, మోపులు కట్టేది, మోసేది అతనే.

"ఎక్కేవాళ్లు లేని గుర్రానికి నేనెందుకు చాకిరీ చెయ్యాలి?" అన్నాడు ఆ వారం భోజనాల దగ్గర. "మన ఊరి విల్మర్ గారు తన మనవరాలి కోసం దీన్ని అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం."

"ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఎక్కమంటావా?"

"సరే, ఓ పని చేద్దాం. ఆదివారం ఆయన గుర్రాన్ని ఎక్కించుకోవడానికి ట్రైలర్ తెస్తాడు. ఆలోపు బిస్కట్ కొండెక్కి ఉప్పురాయి దాకా పోతే, ఇక్కడే ఉంటుంది. పోకపోతే ఆయన వెంట పోతుంది. మాటంటే మాట."

మార్లా ఒప్పుకుంది. బల్ల కింద కూర్చుని తన బఠాణీలు కుక్కకు పెడుతున్న జూనీ కూడా విన్నది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

శనివారం మార్లా బిస్కట్‌కు జీను వేసి, పగ్గాన్ని ఇంటి ముందు కొయ్యకు కట్టింది. గుర్రాలవాళ్లు వేసే ముడి అది. గుర్రం ఎంత లాగినా బిగుస్తుంది. మనిషి కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఊడుతుంది. అంతలో లోపల ఓటిస్ ఏడ్చాడు. మార్లా లోపలికి పరుగెత్తింది.

పిల్లవాడికి పన్ను వస్తున్నట్టుంది. పాలు సగం తాగి, తాగినదంతా ఆమె చొక్కా మీద కక్కాడు. చొక్కా మార్చుకునేసరికి వాడికి గుడ్డ మార్చాల్సి వచ్చింది. బెర్నిస్ వచ్చి స్టవ్ దగ్గర నిలబడింది గానీ చెయ్యి వేయలేదు.

"నేను నలుగుర్ని కన్నాను. గుర్రమెక్కానా?" అంది.

"ఎక్కలేదు అత్తయ్యా."

"ఎక్కలేదు. అందుకే ఇవాళ్టికీ నడుం నిటారుగా ఉంది. మోకాళ్ల సంగతి వేరు."

మార్లా పిల్లవాణ్ణి భుజాన వేసుకుని జో కొడుతుంటే జూనీ బురద బూట్లతో వచ్చింది.

"అమ్మా, ఒక సంగతి."

"ఇప్పుడు కాదు తల్లీ."

"బిస్కట్ సంగతే."

"ష్! తమ్ముడు పడుకుంటున్నాడు."

బెర్నిస్ మనవరాలి నోట్లో పాన్‌కేకు పెట్టింది. నోట్లో తిండి ఉన్నప్పుడు మాట్లాడకూడదని ఆ ఇంట్లో నేర్పారు. జూనీ నమలసాగింది.

మార్లా బయటికి వచ్చేసరికి కొయ్య దగ్గర గుర్రం లేదు. కొండ వైపు గేటు బార్లా తెరిచి ఉంది. తెరిచిన గేటును గొలుసుతో గుంజకు రెండు చుట్లు చుట్టి, కొసను మేకుకు తగిలించి ఉంది. అది డేల్ కట్టే కట్టు.

ఆ లోయలో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పేది ఒకటుంది. మూసి ఉన్న గేటును దాటాక మూయాలి. తెరిచి ఉన్నదాన్ని తెరిచే వదలాలి. తెరిచినవాడు ఏదో పని ఉండే తెరిచి ఉంటాడు. పశువులు నీళ్లకు రావాలేమో, మంద మారుస్తున్నాడేమో. అడగకుండా మూసినవాడితో మర్నాటి నుంచి ఎవరూ సరిగ్గా మాట్లాడరు.

మార్లా గేటు ముట్టుకోలేదు. ఎవరు తెరిచారో ఆమెకు తెలిసిపోయింది. ఎందుకు తెరిచారో కూడా తెలిసిపోయింది. తను కొండెక్కే లోపే డేల్ గుర్రాన్ని సాగనంపేశాడు! లోపలికి వెళ్లి విల్మర్ ఇంటికి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"ఇప్పుడే డేల్ ఫోన్ చేశాడమ్మాయ్. మీ గుర్రం సంగతేదో. మా ఆయన కాఫీ కూడా తాగకుండా ట్రైలర్ తగిలించుకుని కొండ రోడ్డున ఉరికాడు. అవునూ, రేపు కదా అన్నారు?"

"నేనూ అలాగే అనుకున్నానండీ," అని మార్లా ఫోన్ పెట్టేసింది. "అత్తయ్యా, మీ కారు తాళం ఇవ్వండి."

"నా కారు నా కొడుక్కే ఇవ్వలేదు. వాడు ఇరవై ఏళ్ల నుంచి అడుగుతున్నాడు."

ఇంటి ట్రక్కు డేల్ దగ్గర, ఏటి అవతల గడ్డిచేలో ఉంది. ఇక మిగిలింది మేజర్. అది జూనీ కోసం తెచ్చిన పొట్టి గుర్రం. దాని పొట్ట వెడల్పుకు సరిపోయే జీను ఇంట్లో లేదు. కొండ రోడ్డు చుట్టు తిరిగి ఉప్పురాయి పక్కగా పోతుంది. కాలిబాట నిట్టనిలువునా అక్కడికే పోతుంది. అడ్డంపడి పట్టుకోవచ్చు. మార్లా మేజర్‌కు కళ్లెం వేసి వట్టి వీపు మీద ఎక్కింది. పాదాలు గడ్డిని రాసుకున్నాయి.

"నేనూ వస్తా," అంది జూనీ.

"దీన్నీ తీసుకుపో," అంది కిటికీలోంచి బెర్నిస్. "నేను ఒకణ్ణి చూస్తానన్నాను. ఇద్దర్ని అనలేదు."

మార్లా జూనీని ముందు కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఉప్పురాయి దగ్గరికేగా?"

"విల్మర్ గారి దగ్గరికి."

"ఎందుకూ? బిస్కట్..."

"కూర్చుంటే కూర్చో. మాట్లాడకు."

డేల్ వైపు జరిగింది తర్వాత తెలిసింది. ట్రాక్టర్ మీద ఉన్నవాడు తల ఎత్తి చూస్తే, కొండవాలున బిస్కట్ ఒంటరిగా ఎక్కిపోతోంది. మీద జీను ఉంది, మనిషి లేదు. గుర్రాలున్న చోట దానికి ఒకటే అర్థం, ఎక్కిన మనిషి ఎక్కడో పడిపోయిందని. ముందు విల్మర్‌కు ఫోన్ చేశాడు. ఊళ్లో ప్రమాదం జరిగితే కదిలే వాలంటీర్లకు ఆయనే పెద్ద. తర్వాత ఇంటికి చేస్తే ఫోన్ బిజీగా ఉంది. మళ్లీ చేస్తే తల్లి ఎత్తింది.

"అమ్మా, మార్లా ఉందా?"

"ఎక్కడుంటుంది, గుర్రమెక్కి కొండ మీదికి పోయింది. పిల్లను కూడా తీసుకుపోయింది."

డేల్ చేతిలోంచి ఫోన్ జారి గడ్డిలో పడింది. దాన్ని వెతకడానికి కూడా ఆగలేదు. ట్రక్కులో తన ఇంటి వాకిట్లోంచే వెళ్లాడు. తెరిచి కట్టిన గేటు చూశాడు. మార్లా తెరిచి కట్టుకుందనుకుని దూసుకుపోయాడు. అతని వెనక వాలంటీర్లు స్ట్రెచర్‌తో వచ్చారు. వాళ్లూ గేటు చూసి, ఉన్నది ఉన్నట్టే వదిలి వెళ్లారు.

మార్లా సగం కొండ ఎక్కేసరికి కింద ఈలలు వినిపించాయి. ఆ వెంటనే డేల్ గొంతు.

"మార్లా! ఎక్కడున్నావ్? ఉన్నచోటే ఉండు! కదలకు!"

"ఎంత ధైర్యం!" అంది మార్లా. మడమలతో మేజర్ పొట్టను తట్టింది.

"నాన్న పిలుస్తున్నాడమ్మా."

"వినపడుతోంది. నువ్వు పలక్కు."

జూనీకి ఆట అర్థమైంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. బాట వదిలి చెట్ల మధ్యకు మళ్లించింది మార్లా. వెతికేవాళ్లు ఇటు వస్తే వీళ్లు అటు తప్పుకున్నారు. "నొప్పి ఎక్కడుందో చెప్పు చాలు!" అని డేల్ అరిచాడు. "వెటకారం కూడానా!" అనుకుంది మార్లా. మేజర్ ఒకచోట ఆగి గడ్డి మేయబోతే, "రేయ్, నీకు దణ్ణం పెడతా, నడవరా," అని బతిమాలింది. కింద ఎక్కడో డేల్ మరోసారి అరిచాడు. ఈసారి మాటలు లేవు, వట్టి కేక.

కొండ నెత్తిన విల్మర్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో బిస్కట్ పగ్గం, రెండో చేతిలో టోపీ. బిస్కట్ ఉప్పు నాకుతోంది. మార్లా మేజర్ మీద నుంచి దిగింది. దిగడమంటే కాళ్లు నిటారు చేసి నిలబడటమే.

"రేపు అన్నారు కదండీ! ఒక్కరోజు ఆగలేకపోయారా? కొండెక్కడానికి నాకు ఇంకా పూటంతా టైముంది!"

విల్మర్ ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వు బతికే ఉన్నావా అమ్మాయ్?"

"చావడానికి నాకేమైంది?"

"ఏమో, నువ్వు గుర్రం మీంచి పడ్డావని లోయంతా వెతుకుతోంది. నేను వచ్చేసరికి ఇది ఒక్కతే ఇక్కడ నిలబడి ఆపిల్ కోసం చూస్తోంది."

చెట్లలోంచి డేల్ వచ్చాడు. ఒంటికాలి మీద వచ్చాడు. అడవి జంతువేదో తవ్విన గుంతలో రెండో కాలు మడతపడి, చీలమండ బూటులో పట్టనంతగా వాచింది. భార్యను, కూతుర్ని కలిపి పట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు.

"గుర్రాన్ని ఎందుకిచ్చేశావ్?"

"నేనెక్కడ ఇచ్చాను! గేటు ఎందుకు తీశావ్?"

"నేనెక్కడ తీశాను! నీ కట్టే కట్టి ఉంది!"

జూనీ నోటి మీద చేతులు తీసింది. "ఇప్పుడు చెప్పొచ్చా?"

అందరూ అటు తిరిగారు.

"బిస్కట్ కొండెక్కి ఉప్పురాయి దాకా పోతే మనింట్లోనే ఉంటుందని నాన్న అన్నాడుగా. అమ్మకేమో తమ్ముడితో తెమలట్లేదు. అందుకని ముడి గుంజేసి, గేటు తీసి, పొమ్మన్నాను. గేటు గాలికి కొట్టుకోకుండా నాన్నలాగే కట్టాను." తర్వాత విల్మర్ వైపు చూసింది. "ఒక్కతే వచ్చింది. దారి దానికి తెలుసు."

విల్మర్ టోపీ పెట్టుకున్నాడు. "నువ్వు అలా అన్నావా డేల్?"

"అన్నాను. కానీ మార్లా ఎక్కి..."

"మనిషి ఎక్కాలన్నావా?"

డేల్ ఆలోచించాడు. "ఆ ముక్క అనలేదు."

"మాటంటే మాట అన్నాడు," అంది జూనీ.

"నా మనవరాలికి ఇంకో గుర్రం చూసుకుంటాలే," అన్నాడు విల్మర్. "దీనికి ఇల్లు కుదిరింది."

వాలంటీర్లు స్ట్రెచర్ దింపి డేల్‌ను చూశారు. డేల్ గడ్డి మోపులు మోసే మనిషి. "మార్లా బరువుకు తయారై వచ్చాం," అన్నాడు వాళ్లలో ఒకడు. జీను వేసిన గుర్రం అక్కడే ఉంది. నలుగురూ పట్టి డేల్‌ను బిస్కట్ మీదికి ఎక్కించారు. బిస్కట్ రాయి రాయికీ అడుగు చూసుకుని, వాచిన కాలు ఏ కొమ్మకూ తగలనీయకుండా అతన్ని దింపింది. మార్లా వెనక మేజర్ మీద, జూనీని పెట్టుకుని వచ్చింది. దారిలో ఒకే ఒక్కసారి డేల్ వెనక్కి తిరిగి, "నడక బాగుందే దీనిది," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గేటు ఉన్నట్టే ఉంది. కొండవాలున మేసే డేల్ పెయ్యలు మందలు మందలుగా దాంట్లోంచి వచ్చి గడ్డి మోపుల మీద పడ్డాయి. రెండు మోపులు విడిపోయాయి, మూడోదాని మీద ఒక పెయ్య పడుకుంది. కిటికీలో బెర్నిస్ ఓటిస్‌ను ఎత్తుకుని చూపిస్తోంది.

"అమ్మా! గేటు మూయొచ్చుగా!"

"తెరిచి కట్టి ఉన్న గేటు మూయకూడదని నీకు నేర్పిందే నేను," అంది బెర్నిస్. "పైగా వీటిని చూసి వీడు ఏడుపు మానాడు."

కాలు నేల మీద మోపకూడదని, శీతాకాలం దాకా బరువులు ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు. గడ్డి మోయడానికి విల్మర్ మనుషుల్ని పంపాడు. డేల్‌కు మిగిలిన పని సోఫాలో కాలు చాపుకుని ఇద్దరు పిల్లల్ని చూడటం. మార్లా ఆ ఆకురాలు కాలమంతా ఒక్క శనివారం కూడా మానకుండా కొండెక్కింది.

గేటుకు ఇప్పుడు తాళం ఉంది. తాళంచెవి జూనీ దగ్గర ఉంటుంది.