నాంచారమ్మ ఆఖరి పెట్టె

ఒక పెద్ద అడవిలో జరిగిన చిన్న కథ ఇది, తమలపాకు నమిలేలోపు అయిపోతుంది. అడవి పెద్దదన్నది నక్కల మాట. వాటికి ఏదైనా పెద్దది చేసి చెప్పడం అలవాటు. నెమలైతే తన తోకే అడవికంటే పొడవంటుంది. దాని పెళ్లి ఎందుకు తప్పిపోయిందో చెప్పాలంటే పొద్దు చాలదు. సరే, కుందేలు సంగతి.

కుందేలు నాంచారమ్మ సరదాకి నాలుగు పెట్టెల్లో తేనెటీగల్ని పెంచేది. వానలకు ముందే తేనెంతా పిండేయమని తేనె సంఘం అధ్యక్షుడు ఎలుగుబంటి గవరయ్య సలహా ఇచ్చాడు. తేనె విషయంలో ఆయనకున్నంత అనుభవం ఎవరికీ లేదు, పొట్ట చూస్తే తెలుస్తుంది. ఆమె అలాగే పిండేసింది. ముసురు పట్టి పూలు రాలాయి. తినడానికి చుక్క లేక మూడు పెట్టెల ఈగలు చచ్చాయి. నాలుగోదాంట్లో రాణీ, గుప్పెడు ఈగలూ మిగిలాయి.

"ఇవీ పోతే నాకిక ఈగలు దొరకవు బావగారూ," అంది నాంచారమ్మ. "రోజూ కాస్త పంచదార నీళ్లు పెట్టి, మూత తియ్యకుండా వదిలేస్తే కోలుకుంటాయనిపిస్తోంది."

"అనిపించడం వేరు, నివేదిక వేరు," అన్నాడు గవరయ్య. "కమిటీ వేస్తాను."

కమిటీ వచ్చింది. కొండముచ్చు మూత తీసి ఈగల్ని లెక్కపెట్టింది. కార్యదర్శి నక్క పైడిరాజు రాసుకున్నాడు. లెక్క తేడా వచ్చిందని మధ్యాహ్నం మళ్లీ తీశారు.

"రాణి ఏదత్తా? సంతకం కావాలి," అన్నాడు పైడిరాజు.

"చట్రం వెనక దాక్కుంది నాయనా. మీ మొహాలు చూసి సిగ్గుపడినట్టుంది."

"హాజరు కాలేదని రాస్తాను."

తొమ్మిది రోజులు ఇదే వరస. పదోరోజు మూత తీస్తే పెట్టె ఖాళీ. రాణితో సహా అన్నీ లేచిపోయాయి.

"పరిశీలన పూర్తయింది," అని రాసుకుని పైడిరాజు వెళ్లిపోయాడు.

నాంచారమ్మ ఏడవలేదు. ఫిర్యాదు రాసుకుని సంఘం ఆఫీసుకు వెళ్లింది. గోడకున్న ఫిర్యాదుల పెట్టె సందులో కాగితం దూర్చబోతే మూతి మీద చురుక్కుమంది. వంగి చూసింది. లోపల తన రాణి, తన ఈగలు, అప్పుడే కట్టడం మొదలెట్టిన తెల్లటి తేనెపట్టు.

సంఘం పుట్టాక ఆ పెట్టె మూత ఎవరూ తియ్యలేదు.

మర్నాటి నుంచి ఆమె ఆకుదొప్పలో పంచదార నీళ్లు తెచ్చి ఆ పెట్టె కింద పెట్టసాగింది.

"రోజూ ఇక్కడేం పనత్తా?" అన్నాడు పైడిరాజు.

"ఫిర్యాదులు నాయనా. ఇంకా చాలా ఉన్నాయి."

ఆ మాటతో ఆఫీసు మొత్తం అటువైపు చూడడం మానేసింది.

పూల రోజులొచ్చేసరికి పెట్టె నిండి, సందులోంచి తేనె కారింది. ఆ ఏడాది ఉత్తమ పెంపకందారు శాలువా గవరయ్య ఫిర్యాదుల పెట్టెకు కప్పాడు. నాంచారమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

నీతి: ప్రాణమున్నది ఏదైనా కోలుకోవాలంటే, సంఘం పట్టించుకోని చోట పెట్టాలి.