థవిన్ మాస్టారి నమస్కారం

ఆ ఆదివారం థవిన్ మాస్టారు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తెల్లారకుండా గుడికి వెళ్లాలి. ఎండెక్కేలోపు ఇంటికొచ్చి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. కూతుర్ని అడగడానికి పిల్లాడి తరఫువాళ్లు వస్తారు. చాప మీద వాళ్లకెదురుగా నిటారుగా కూర్చుని, జాతకాలు కలవలేదని మర్యాదగా చెప్పి పంపించేయాలి.

నిటారుగా అన్న మాట ఆయనకు ప్రాణం. లాంపాంగ్‌లో ఓ బళ్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ ఊళ్లో తండ్రులూ కొడుకులూ కూడా ఆయన కేకకి వెన్ను నిలిపినవాళ్లే. ఇప్పటికీ బజారులో ఆయన ఎదురైతే బట్టతల పెద్దమనుషులు సైతం పొట్ట లోపలికి లాక్కుంటారు. అలాంటి మనిషికి నడుంనొప్పి. నిన్నా మొన్నటిది కాదు, ఏళ్ల తరబడి ఉన్నది. పొద్దున మంచం దిగేటప్పుడు కాసేపు ఊపిరి బిగబట్టుకుని, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని మరీ లేవాల్సిన నొప్పి. డ్రిల్ మాస్టారికి నడుం పడిపోయిందంటే ఊరు ఊరుకుంటుందా? అందుకే కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు.

ఆరోగ్య కేంద్రం నర్సు వన్‌ఫెన్ దగ్గర మాత్రం దాపరికం సాగలేదు. దగ్గు మందు కోసం వెళ్లిన ఆయన కుర్చీలోంచి లేచిన తీరు చూసి, ఆమె సంగతంతా కూపీ లాగింది. గుడి మండపంలో తాను నేర్పే యోగాకి రమ్మంది. తీరా వెళ్లి చూస్తే అక్కడున్నవాళ్లంతా ఆడవాళ్లు. మెడలు పట్టేసినవాళ్లు, భుజాలు లేవనివాళ్లు, కీళ్లు అరిగినవాళ్లు. మాస్టారు సిగ్గుతో ఆఖరి వరసలో నిలబడి, ఈ సంగతి బయటికి పొక్కకూడదని వాళ్లందరి దగ్గరా మాట తీసుకున్నారు. ఇంట్లో గుడికి వెళ్తున్నానని చెప్పారు. అది అబద్ధమూ కాదు. భార్య సమ్రువాయ్ మురిసిపోయి, తన మొగుడికి ఇన్నాళ్లకి భక్తి కుదిరిందని వీధంతా చాటింది. వీధిలోవాళ్లు ఆయన్ను గౌరవంగా చూసినకొద్దీ ఆయనకు తల దించుకోవాలనిపించేది.

యోగా మాత్రం పనిచేస్తోంది. నొప్పి పోలేదు గానీ దాంతో సర్దుకుని బతకడం అలవడింది. తన మేజోళ్లు తనే తొడుక్కోగలుగుతున్నారు. వన్‌ఫెన్‌కి ఉన్న ఫిర్యాదల్లా ఒకటే, ఆయన ఆసనాన్ని కూడా డ్రిల్ లాగే చేస్తారని. మోకాళ్లు కాస్త వంచమన్నా వంచరు. నొప్పి దగ్గర ఆగమన్నా ఆగరు. ఆ రోజయితే మరీను. పెళ్లివారి ముందు చాప మీద ఎక్కువసేపు కూర్చోవాలి కదా అని, రోజూ వంగేదానికంటే ఓ జానెడు ఎక్కువే వంగారు.

చివర్లో అందరూ చేతులు జోడించి, ఒకరికొకరు తలవంచి నమస్కరించుకుని ఇంటిదారి పడతారు. మాస్టారు కూడా చేతులు జోడించి వంగారు. నడుంలో ఏదో కలుక్కుమంది. అందరూ లేచారు. మాస్టారు లేవలేదు.

చేతులు దించబోతే ప్రాణం పోయినంత పనైంది. వన్‌ఫెన్ పరుగున వచ్చి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి చేతులు అలాగే ఉంచమంది. ఇక్కడే పడుకోండి, కాపడం పెడతాను, గంటలో సర్దుకుంటుందని చెప్పింది. కాసేపట్లో భిక్షువులకు అన్నం తెచ్చే జనంతో ఆ మండపం నిండిపోతుంది. అంతమంది ముందు ఆడవాళ్ల మధ్య వెల్లకిలా పడుకోవడమా? మాస్టారు ససేమిరా అన్నారు. ఇంటికే పోవాలన్నారు.

వన్‌ఫెన్ తమ్ముడి టాపు లేని కూరగాయల వ్యాను గుడి బయటే ఉంది. వంగిన నడుంతో ముందు సీట్లో ఇమడటం కుదరలేదు. వెనకాల క్యాబేజీ బస్తాల మధ్య ఆయన్ను ఎక్కించి, పడిపోకుండా వన్‌ఫెన్ పక్కన నిలబడి పట్టుకుంది. వ్యాను మెల్లగా బజారులోకి వచ్చింది. వచ్చే నెల మునిసిపల్ ఎన్నికలు. సరిగ్గా అలాంటి వ్యాన్లలోనే, సరిగ్గా అలాగే చేతులు జోడించి, అభ్యర్థులు పొద్దున్నే ఊరంతా తిరుగుతున్నారు.

ముందుగా చూసింది పంది మాంసం కొట్టువాడు. అతనూ ఒకప్పుడు మాస్టారి చేత తిట్లు తిన్నవాడే.

"మన డ్రిల్ మాస్టారు నిలబడ్డారోయ్" అన్నాడు పక్క కొట్టతనితో.

నిలబడలేకే ఆ అవస్థ అని చెప్పడానికి మాస్టారికి నోరు రాలేదు. ఎవరో బ్యాలెట్టులో నెంబరెంతని అడిగారు. నెంబరు లేదు, దారివ్వండి అని ఆయన పళ్ల బిగువున అన్నారు. ఇంకా నెంబరు ఇవ్వలేదట, అయినా ముందే జనంలోకి వచ్చారు, పట్టుదల గల మనిషి అని చెప్పుకున్నారు. కేకలేసిన మాస్టారే ఇంత వినయంగా వంగాడంటే అది గుడి మహిమేనని ఒకావిడ తేల్చింది. బంతిపూల దండ ఒకటి మెడలో పడింది. ఆ బరువుకి ఆయన ఇంకాస్త వంగారు. జనం ఇంకాస్త సంతోషించారు. వన్‌ఫెన్ నిజం చెప్పబోయినప్పుడల్లా ఆయనే కళ్లతో బతిమాలి ఆపారు. నడుం పడిపోయినవాడు అనిపించుకోవడం కంటే ఓటు అడిగేవాడు అనిపించుకోవడమే నయమని ఆ క్షణాన ఆయనకి తోచింది.

మోటారు సైకిళ్ల వాళ్ల నోట ఆ వార్త వ్యానుకంటే ముందే ఇల్లు చేరింది. ఆయన్ను వ్యాను దించిన గేటు దగ్గర ఇరుగుపొరుగుతో పాటు సమ్రువాయ్ నిలబడి ఉంది. ఆమె మొగుణ్ణి మాస్టారూ అని పిలిచేది కోపం వచ్చినప్పుడే.

"ఎలక్షనుకి నిలబడ్డావట మాస్టారూ. రోజూ గుడికెళ్లి బుద్ధుణ్ణి అడిగొచ్చావు గానీ, ఇంట్లో నన్నొక్క మాట అడగాలనిపించలేదూ?"

ఆయన జవాబు చెప్పేలోగా పిల్లాడి తరఫువాళ్లు రానే వచ్చారు. పిల్లాడు క్రియెంగ్, అతని తల్లి ఫికున్. ఆమెకు బస్టాండు దగ్గర అరటిపండు బజ్జీల కొట్టు, మాస్టారికి ఆ సంబంధం ఆననిదీ అందుకే. వయసులో మాస్టారికంటే చాలా చిన్నది. పెద్దవాళ్లు చిన్నవాళ్లకి ముందుగా దణ్ణం పెడితే చిన్నవాళ్ల ఆయుష్షు తరుగుతుందని అక్కడ అందరికీ భయమే. కాబోయే మామగారు చేతులు జోడించి తనకెదురుగా వంగి ఉండటం చూసి, క్రియెంగ్ హడలిపోయి కొత్త ప్యాంటుతోనే మట్టిలో సాగిలపడ్డాడు.

ఫికున్ మాత్రం వంగలేదు. దండ వంక చూసింది, వ్యాను వంక చూసింది.

"ఇన్నేళ్లుగా నా కొట్టు ముందు నుంచే పోతున్నారు మాస్టారూ. నేను దణ్ణం పెడితే తిరిగి గడ్డం కూడా కదిపేవారు కాదు. ఇవాళ ఓటు కోసం ఇంత వంగారా" అంది. తర్వాత కొడుకుతో, "లేరా, పోదాం" అంది.

మాస్టారికి కావలసింది అదే. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, జాతకాల మాట కూడా ఎత్తకుండానే సంబంధం తప్పిపోతుంది. ఆయన ఊరుకోవాలనే అనుకున్నారు. కానీ వంగిన మనిషికి కాళ్లు తప్ప ఇంకేమీ కనబడవు. మెట్ల మీద కూతురు ఒరథాయ్ పాదాలు కనబడ్డాయి. ఒక మెట్టు దిగి ఆగిపోయాయి. ఎదురుగా ఫికున్ పాదాలు కనబడ్డాయి, చీలమండల దగ్గర వాచి ఉన్నాయి. వెనక్కి తిరగబోతూ ఆమె ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, బరువంతా ఎడమ కాలి మీదకి మార్చుకుని, అప్పుడు కుడికాలు కదిపింది. ఆ ఆగడం ఏమిటో ఆయనకి తెలుసు. రోజూ పొద్దున మంచం అంచున తాను ఆగేదీ అలాగే.

"ఓటు కాదమ్మా" అన్నారు మాస్టారు. "నడుం."

ఎవరికీ అర్థం కాలేదు. ఇక దాచడానికి ఏమీ మిగలకుండా ఆయన అంతా చెప్పేశారు. ఏళ్ల నొప్పి, గుడి పేరు చెప్పి ఆడవాళ్లతో చేస్తున్న యోగా, ఇవాళ చూపించిన జబర్దస్తీ, ఇది దణ్ణమే కాదన్న సంగతీ. దండలు పట్టుకుని వెంట వచ్చిన శిష్యులు విన్నారు. గోడ మీంచి తొంగిచూస్తున్నవాళ్లూ విన్నారు. మొహం నేలకేసి ఉండబట్టి, దాని రంగు ఎవరికీ కనబడకపోవడం ఒక్కటే ఆయనకు దక్కిన దయ. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సమ్రువాయ్ అటు తిరిగి చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె కోపం ఎటో పోయింది.

"పక్కనే పడుకునేదాన్ని. నాకు చెప్తే ఏమైపోయేది?"

"సిగ్గేసింది" అన్నారు మాస్టారు.

 ఫికున్ గేటు కమ్మీ పట్టుకుని అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఒరథాయ్ బళ్లో చేరినప్పటి నుంచి."

"నాకు మోకాళ్లు. మావాడు నడక నేర్చినప్పటి నుంచి" అంది ఫికున్. ఆపైన, ఎవరూ అడగకుండానే, మిగతాదీ చెప్పింది. ఆమె ఆ పూట సంబంధం వద్దని చెప్పడానికే వచ్చిందట. ఇక బాణలి ముందు ఎక్కువ కాలం నిలబడే స్థితిలో ఆమె లేదు. చదువుకున్న పిల్లను తన బదులు పొయ్యి దగ్గర నిలబెట్టుకోవడానికే కోడలిగా తెచ్చుకుందని ఊరు ఆడిపోసుకుంటుంది. ఆ మాట పడలేక, నొప్పి సంగతి చెప్పుకోలేక, "జాతకాలు కలవలేదని చెప్పి తప్పించుకుందామనుకున్నాను" అంది.

మాస్టారు కింద నుంచే తల కాస్త తిప్పారు.

"నేనూ అదే చెబుదామనుకున్నాను."

ఒరథాయ్ మెట్లు దిగి వచ్చింది. "ఇంతకీ ఎవరైనా చూపించారా జాతకాలు?" అని ఇద్దర్నీ అడిగింది. ఇద్దరూ నేలచూపులు చూశారు. మాస్టారికి అది కష్టమేమీ కాలేదు.

వన్‌ఫెన్ ఆయన్ను నలుగురి సాయంతో లోపలికి మోయించి, పెళ్లి మాటల కోసం పరిచిన చాప మీదే వెల్లకిలా పడుకోబెట్టింది. మోకాళ్ల కింద తలగడ పెట్టి, మెల్లగా ఊపిరి వదలమంది. జోడించిన చేతులు వాటంతటవే విడిపోయాయి. ఫికున్‌కి కుర్చీ వేశారు. కింద కూర్చోలేనని ఆమె మొదటిసారి పైకి చెప్పింది. పెళ్లి మాటలు అలాగే జరిగాయి, పిల్ల తండ్రి కప్పుకేసి చూస్తుండగా. మధ్యలో ఆమె నర్సుని పక్కకి పిలిచి, తనలాంటి మోకాళ్లవాళ్లకి కూడా ఆసనాలుంటాయా అని అడిగింది. కూర్చుని చేసేవి కూడా ఉన్నాయని తెలిసి ధైర్యం తెచ్చుకుంది.

మరుసటి ఆదివారం ఫికున్ మొదటి వరసలో కుర్చీ వేసుకుంది. మాస్టారు ఆమె వెనకే నిలబడి, మోకాళ్లు వంచమన్నప్పుడు వంచారు. పంది మాంసం కొట్టువాడితో సహా ఆయన శిష్యులు చాలామంది ఒక్కొక్కరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారు. దాక్కోవడానికి మండపంలో స్తంభాలు చాలలేదు.